బిగింపులో వెంట్రుకవాసి.. గురిలో బెత్తెడు!

కొత్త రైఫిల్‌. దానిపై ఖరీదైన గురి దుర్భిణి. వంద మీటర్ల దూరంలో కాగితపు లక్ష్యం. మొదటి తూటా నడిమధ్యన తగిలింది. రెండోది పైకి పోయింది. మూడోది కుడివైపునకు తొలగింది. నాలుగోది అసలు కాగితాన్నే తాకలేదు. యజమాని దుర్భిణిని తప్పుపడతాడు, తూటాలను అనుమానిస్తాడు, చివరకు తన చేతినే నిందించుకుంటాడు. దుర్భిణిని రైఫిల్‌కు పట్టి ఉంచే మౌంటు నట్టును మాత్రం వేలితో కదిపి చూడడు. అమెరికాలోని ఫైరింగు రేంజీల్లో ఇటువంటి దృశ్యాలు అరుదేమీ కావు.

లెక్క చిన్నదే. దుర్భిణిని పట్టుకునే ముందు, వెనుక రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు అనుకుందాం. వాటిలో ఒకటి 0.1 మి.మీ. కదిలినా, అంటే మనం రాసుకునే కాగితమంత మందం జరిగినా, దుర్భిణి చూపు వెయ్యింట ఒక వంతు పక్కకు తిరుగుతుంది. 100 మీటర్ల దూరంలో అది 10 సెంటీమీటర్ల తేడా. బెత్తెడుకు పైమాటే. 300 మీటర్లకు 30 సెం.మీ. వేటలో గుండెను తాకవలసిన తూటా పొట్టలో దిగి, మూగజీవి గంటల తరబడి యాతన పడటానికి ఈ తేడా చాలు. లక్ష్యం వెనుక ఏమున్నదో తెలియని చోట తప్పిన తూటా ఎవరిని తాకుతుందో చెప్పనక్కరలేదు.

మనకూ సంబంధమున్నదే

ఏఆర్‌-15 తరహా రైఫిళ్లు అమెరికాలో గురి పోటీలకు, వేటకు విరివిగా వాడుకలో ఉన్నాయి. ముఖ్యంగా టెక్సాస్‌ రాష్ట్రంలో పొలాలను ధ్వంసం చేసే అడవి పందులను వేటాడేందుకు వీటిని ఉపయోగిస్తారు. పందుల బెడద మన రైతులకు కొత్తది కాదు గాని, అక్కడి పద్ధతి మాత్రం వేరు. అక్కడ స్థిరపడిన తెలుగువారిలోనూ కొందరికి ఈ రైఫిళ్లతో పరిచయం ఉన్నది.

సైన్యం సంగతి చూస్తే, భారత సైన్యం 2019లో 72,400 సిగ్‌-716 రైఫిళ్లకు ఒప్పందం కుదుర్చుకుని, 2024లో మరో 73,000 కొనుగోలుకు సంతకం చేసింది. ఇవి ఏఆర్‌ వంశానికి చెందినవే. వీటి పైభాగం పొడవునా దుర్భిణి బిగించుకునే పట్టా ఉంటుంది. పుణెలోని రక్షణ పరిశోధనశాల ఏఆర్‌డీఈ, హైదరాబాద్‌కు చెందిన ద్వీప ఆర్మర్‌ సంస్థ కలిసి రూపొందించిన ‘ఉగ్రం’ రైఫిల్‌ను 2024 జనవరిలో ఆవిష్కరించారు. ఆయుధ తయారీ మన ముంగిటికే వచ్చిన తరుణంలో దాని గురి ఎలా కుదురుతుందో తెలుసుకోవడం అనవసరమైన పని కాదు.

చట్టం విషయం ముందే చెప్పుకోవాలి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోరాదు. సెమీ ఆటోమేటిక్‌ రైఫిళ్లపై ఆంక్షలు మరింత కఠినం. అమెరికాలోనూ విద్యార్థి వీసాపైనో, హెచ్‌-1బీ వీసాపైనో ఉన్నవారు తుపాకిని గాని, తూటాలను గాని కలిగి ఉండటాన్ని అక్కడి సమాఖ్య చట్టం సాధారణంగా నిషేధిస్తున్నది. చెల్లుబాటయ్యే వేట అనుమతి ఉండటం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్‌, న్యూజెర్సీ వంటి రాష్ట్రాలు ఈ తరహా రైఫిళ్లపై అదనపు ఆంక్షలు విధించాయి. పిల్లలను అక్కడికి పంపిన తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతైనా చెవిన వేయడం మంచిది.

పిడి పోయె.. పట్టా వచ్చె

యూజిన్‌ స్టోనర్‌ 1950వ దశకం చివర్లో రూపొందించిన ఏఆర్‌-15పై సంచిలా పట్టుకునే పిడి ఒకటి ఉండేది. వెనుక గురి దానిలోనే అమరి ఉండేది. దుర్భిణి కావాలంటే ఆ పిడి మీద బిగించవలసిందే. అప్పుడు కన్ను బాగా ఎత్తుకు చేరుతుంది. చెంప తుపాకి మడమను తాకదు. తల గాలిలో వేలాడుతున్నట్లుంటే గురి నిలిచేదెలా?

పిడిని తొలగించి, రిసీవర్‌గా పిలిచే పైభాగాన్ని చదునుగా మలిచి, దానిపైనే గాళ్లున్న పట్టాను చెక్కడంతో ఈ ఇబ్బంది తీరింది. చదును పైభాగం గల రైఫిల్‌ అంటే ఇదే. న్యూజెర్సీలోని పికటినీ ఆయుధశాల పేరుతో ప్రసిద్ధికెక్కిన ఈ పట్టాకు అమెరికా సైన్యం 1995లో ప్రమాణాలు ఖరారు చేసింది. ఒక్కో గాడి వెడల్పు 5.23 మి.మీ., ఒక గాడి మధ్య నుంచి మరో గాడి మధ్యకు 10.01 మి.మీ. కొలతలు ఒక్కటే కావడంతో ఏ సంస్థ మౌంటైనా ఏ రైఫిల్‌పైనైనా కూర్చుంటుంది. అంతకు ముందు నుంచీ ఉన్న వీవర్‌ పట్టా గాళ్లు కొంచెం ఇరుకు. అందువల్ల వీవర్‌ మౌంటు పికటినీ పట్టాపై సాధారణంగా కూర్చుంటుంది గాని, పికటినీ మౌంటు వీవర్‌ పట్టాలో దిగకపోవచ్చు. పాత సామగ్రి చవకగా దొరికిందని కొనేవారు ఇక్కడే మోసపోతుంటారు.

పోలిక కోసం రష్యా వారి ద్రగునోవ్‌ రైఫిల్‌ను చూడవచ్చు. మన సైన్యమూ దాన్ని వాడింది. దాని పైకప్పు ఊడదీసే పల్చని రేకు. దానిపై దుర్భిణి నిలవదు కనుక పక్క భాగానికి పట్టా తగిలించారు. ఏఆర్‌ చదును పైభాగం అలా కాదు. బ్యారెల్‌ బిగిసి ఉన్న లోహపు ముక్కలోనే పట్టా కూడా భాగం. ఈ రైఫిల్‌ దుర్భిణికి బాగా నప్పడానికి అసలు కారణం అదే.

ముందు మ్యాగజైన్‌.. ఆ తర్వాతే మరలు

పని మొదలుపెట్టే ముందు రైఫిల్‌ ఖాళీగా ఉన్నదో లేదో చూడాలి. అందరికీ తెలిసిన మాటే. వరుస క్రమం మాత్రం అందరికీ గుర్తుండదు. సెమీ ఆటోమేటిక్‌ రైఫిల్‌లో తూటాల మ్యాగజైన్‌ ఉండగానే బోల్టును వెనక్కి లాగి వదిలితే, గదిలోని తూటా బయటకు పోతుంది గాని, మ్యాగజైన్‌ నుంచి మరొకటి వచ్చి ఆ చోట కూర్చుంటుంది. ఖాళీ చేశాననుకున్న తుపాకి నిండిపోతుంది. కనుక ముందు మ్యాగజైన్‌ తీయాలి. ఆ తర్వాత బోల్టును లాగి నిలిపి, గదిలోకి కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధరించుకోవాలి. తూటాలను ఆ గదిలోనే ఉంచకూడదు. అమెరికాలో చదువుకుంటున్న తెలంగాణ విద్యార్థి ఒకరు తుపాకి శుభ్రం చేస్తుండగా ప్రమాదవశాత్తు అది పేలి మరణించిన వార్త 2024 నవంబరులో మన ఊళ్లను కలచివేసింది. ఈ వరుస ఎందుకింతగా చెప్పవలసి వస్తున్నదో ఆ వార్త చదివినవారికి వివరించనక్కరలేదు.

కన్ను ఎక్కడ ఉండాలి?

దుర్భిణి వెనుక అద్దానికి, కంటికి మధ్య నిర్ణీత దూరం ఉంటేనే దృశ్యం నిండుగా కనిపిస్తుంది. సాధారణ వేట దుర్భిణులకు ఇది 75 నుంచి 100 మి.మీ. అమెరికా సైన్యం వాడిన ఏకాగ్‌ దుర్భిణిలోని ఒక రకానికి ఇది 38 మి.మీ. మాత్రమే. కన్ను దగ్గరైనా, దూరమైనా చుట్టూ నల్లని నీడ కమ్ముకుంటుంది.

కళ్లు మూసుకుని, రైఫిల్‌ను అలవాటు ప్రకారం భుజానికి ఆనించి, చెంపను మడమపై సౌకర్యంగా వాల్చి, అప్పుడు కళ్లు తెరవాలి. నీడ లేకుండా కనిపించే వరకు దుర్భిణిని ముందుకో వెనక్కో జరపాలి. దుర్భిణికి తగ్గట్టు మెడను సాగదీయడం మాత్రం తప్పు. మనలో చాలామంది కొత్త కళ్లజోడుకు ముక్కును సర్దుకున్నట్లే ఇదీ! చూపు పెద్దది చేసే రకమైతే గరిష్ఠ స్థాయిలో పెట్టి సరిచూసుకోవాలి. కంటి స్థానం అప్పుడే ఎక్కువ కచ్చితంగా ఉండవలసి వస్తుంది.

ఇక్కడే ఏఆర్‌తో ఒక చిక్కు ఎదురవుతుంది. దుర్భిణిని ముందుకు జరపవలసి వస్తుంది. రిసీవర్‌ పట్టా పొడవేమో తక్కువ. ముందు రింగును చేతిపట్టు మీది పట్టాకు, వెనుక రింగును రిసీవర్‌ పట్టాకు బిగించేవారు ఉన్నారు. ఇది పొరపాటు. చేతిపట్టు వేరే ముక్క. దాన్ని గట్టిగా పట్టుకున్నా, దేనికైనా ఆనించినా కొద్దిగా వంగుతుంది. వెనుక భాగం కదలదు. రెండింటి మధ్య చిక్కిన దుర్భిణి గొట్టంపై ఒత్తిడి పడి గురి మారిపోతుంది. అందుకే అడుగు భాగం రిసీవర్‌పైనే ఉండి, రింగులు ముందుకు చాచుకుని ఉండే ఏకఖండ మౌంటును వాడతారు. ఇంటి గోడ నుంచి ముందుకు వచ్చిన సన్‌షేడ్‌ మాదిరిగా అన్నమాట. ధర కొంత ఎక్కువైనా ఈ రైఫిల్‌కు ఇదే తగినది. బోల్టును లాగే పిడికి దుర్భిణి వెనుక భాగం అడ్డు రాకుండా కూడా చూసుకోవాలి.

ఎత్తు విషయానికి వస్తే, ఏఆర్‌ మడమ బ్యారెల్‌తో దాదాపు ఒకే వరుసలో ఉంటుంది. ఎదురు తన్ను నేరుగా భుజంలోకి వస్తుంది గనుక తుపాకి మూతి పైకి ఎగరడం తక్కువ. కాని చెంప కిందికి దిగదు కనుక దుర్భిణిని ఎత్తులో ఉంచక తప్పదు. సాధారణంగా పట్టా నుంచి దుర్భిణి మధ్య వరకు 38 మి.మీ. ఉండే మౌంటు ఎంచుకుంటారు. అప్పుడు బ్యారెల్‌ మధ్య నుంచి చూపు రేఖ దాదాపు 65 మి.మీ. ఎత్తున ఉంటుంది. మామూలు వేట రైఫిళ్లలో ఇది 40 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. ఈ ఎత్తు ప్రభావం దగ్గరి లక్ష్యాలపై బాగా కనిపిస్తుంది. దూరానికి గురి సరిచేసిన రైఫిల్‌తో పది మీటర్లలో ఉన్నదాన్ని కాలిస్తే, తూటా గురిపెట్టిన చోటుకు ఐదారు సెంటీమీటర్లు కింద తగులుతుంది. కంటికి అడ్డు లేదని, బ్యారెల్‌ ఎదుట కూడా అడ్డు లేదనుకుని బల్లనో, గట్టునో పేల్చినవారు ఉన్నారు.

ముందుకు నెట్టి బిగించాలి

అసలు పని ఇక్కడే. మౌంటు అడుగున ఉన్న అడ్డ కమ్మీ పట్టా గాడిలో కూర్చుంటుంది. గాడికి, కమ్మీకి మధ్య రవంత సందు ఉంటుంది. తుపాకి పేలినపుడు రైఫిల్‌ వెనక్కి పోతుంది. దుర్భిణి తన బరువు వల్ల ఉన్నచోటే ఉండబోతుంది. అంటే రైఫిల్‌తో పోలిస్తే ముందుకు జరగడానికి చూస్తుంది. అందుచేత బిగించే ముందే మౌంటును తుపాకి మూతి వైపు నెట్టి, కమ్మీ గాడి గోడకు ఆనిన తర్వాత నట్టు తిప్పాలి. నెట్టకుండా బిగిస్తే ఆ పనిని తూటాలే చేస్తాయి. మొదటి పదీ ఇరవై తూటాలకు గురి మారుతూ పోవడానికి సాధారణ కారణం ఇదే. పట్టాపై నూనె, ఇసుక లేకుండా తుడవడం సరేసరి.

ఎంత బిగించాలన్నది చేతి అంచనాకు వదలరాదు. కొలత చూపే టార్క్‌ రెంచి వాడాలి. మౌంటును పట్టాకు బిగించే పెద్ద నట్టుకు పలు సంస్థలు 65 అంగుళాల-పౌండ్లు, అంటే సుమారు 7.3 న్యూటన్‌ మీటర్లు సూచిస్తాయి. రింగుల పై మూతల చిన్న మరలకు 15 నుంచి 18 అంగుళాల-పౌండ్లు చాలు. ఇది సుమారు రెండు న్యూటన్‌ మీటర్లు. తయారీదారు ఇచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి. సైకిల్‌ షాపులో మాదిరిగా పళ్లు బిగబట్టి తిప్పితే దుర్భిణి గొట్టం నొక్కుకుపోతుంది. లోపలి కటకాలు సవరణకు లొంగవు. ఒకే మరను పూర్తిగా తిప్పకుండా ఎదురెదురు మూలల మరలను కొద్దికొద్దిగా బిగిస్తూ, మూతకు రెండువైపులా సందు సమానంగా ఉండేట్లు చూడాలి.

మరలకు జిగురు పూయడంపై భిన్నాభిప్రాయాలున్నాయి. తడి జిగురు మరను జారేట్లు చేస్తుంది. దానితో రెంచి చూపే అంకె కన్నా బిగింపు ఎక్కువవుతుంది. తయారీదారు చెబితే తప్ప రింగు మరలకు పూయకపోవడమే మేలు.

తూకపు గుండు సాక్షి

పై మూతలు పూర్తిగా బిగించక ముందే నిలువు గీత నిజంగా నిలువుగా ఉన్నదో లేదో చూడాలి. రైఫిల్‌ను కదలకుండా నిలిపి, పట్టాపై చిన్న రసమట్టం పెట్టి సమం చేయాలి. దూరాన గోడ దగ్గర తాపీ మేస్త్రీలు వాడే తూకపు గుండును వేలాడదీసి, దాని దారంతో దుర్భిణిలోని నిలువు గీత కలిసే వరకు గొట్టాన్ని తిప్పాలి. మూతలు బిగించేటపుడు గొట్టం మళ్లీ తిరిగే అవకాశం ఉన్నది కనుక చివర్లో మరోసారి చూసుకోవాలి.

గీత 5 డిగ్రీలు వంగితే కంటికి పెద్దగా తెలియదు. కాని దూరపు లక్ష్యానికి 10 నిమిషాల కోణం పైకి సవరిస్తే దాదాపు 0.9 నిమిషం పక్కకు కూడా జరిగిపోతుంది. 500 గజాల వద్ద అది నాలుగున్నర అంగుళాలు.

గురి కుదర్చడం

ఏఆర్‌ రైఫిల్‌లో వెనుక పిన్ను తీస్తే పైభాగం తెరుచుకుంటుంది. బోల్టును బయటకు తీసి, బ్యారెల్‌లోంచే పాతిక గజాల దూరాన ఉన్న లక్ష్యాన్ని చూడవచ్చు. బ్యారెల్‌ను కదపకుండా దుర్భిణి గీతలను అదే లక్ష్యంపైకి తెస్తే మొదటి తూటా కాగితం దాటిపోదు. ఆపై అనుమతి ఉన్న రేంజిలో పాతిక గజాల వద్ద మూడు తూటాలు కాల్చాలి. ఒక్క తూటాను చూసి సవరించడం తొందరపాటు. మూడింటి నడిమిని లెక్కలోకి తీసుకోవాలి.

నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. 100 గజాల దూరంలో అది 1.047 అంగుళాలు. పలు దుర్భిణుల్లో మీట ఒక్క టిక్కుకు పావు నిమిషం జరుగుతుంది. అంటే 100 గజాల వద్ద సుమారు పావు అంగుళం. పాతిక గజాల వద్ద అంతే జరపడానికి నాలుగింతల టిక్కులు కావాలి. కొత్తవారు తికమకపడేది ఇక్కడే. మిల్లీరేడియన్‌ రకమైతే మనకు మరింత సులువు. 100 మీటర్ల వద్ద ఒక్క టిక్కుకు ఒక సెంటీమీటరు. ఆరు సెంటీమీటర్లు కింద తగిలితే ఆరు టిక్కులు పైకి తిప్పితే చాలు. పాతిక గజాల వద్ద కుదిరాక 50 లేదా 100 గజాల వద్ద తుది గురి ఖాయం చేసుకోవాలి.

ఇవన్నీ పూర్తయ్యాక నట్టుపై నుంచి మౌంటుపైకి ఒక సన్నని రంగు గీత గీస్తే మంచిది. గీత రెండు ముక్కలుగా తప్పుకుంటే నట్టు వదులైందని చూడగానే తెలుస్తుంది. మొదటి వంద తూటాల తర్వాత బిగింపును రెంచితో మరోమారు పరీక్షించాలి. మౌంటును ఎప్పుడైనా తీస్తే, ఏ గాడిలో ఉన్నదో గుర్తుపెట్టుకుని అదే గాడిలో, ముందుకు నెట్టి, అదే కొలతకు బిగించి, మరో మూడు తూటాలు కాగితంపై కాల్చి చూసుకోవాలి.