కారులో మోచేతిపీట: ఇంటియొద్ద అమర్చుకొను విధము



మోచేయి ఆనించుకొనుటకు చోటు కోరుట మనుష్యునకు క్రొత్తగా పుట్టిన కోరిక కాదు. జపమునకు గూర్చున్న సన్న్యాసి చేయి ఆనించుకొనుటకు యోగదండము నుంచుకొనును. వసారాలో పడకకుర్చీ వేసికొన్న పెద్దమనిషికి ఆ కుర్చీ చేతులే సగము విశ్రాంతి నిచ్చును. వ్రేలాడు చేతి బరువు నంతయు మెడయు భుజమును మోయుచుండును. ఆ చేతికి క్రింద నొక ఆధారము దొరకినచో మోత తగ్గి భుజము తేలికపడును.

ఈ సుఖముకొఱకే కారులో ముందరి రెండు సీట్ల నడుమ ఒక చిన్న పీటను బిగించుకొను వాడుక ఇప్పుడు పల్లెలకును వచ్చినది. కార్ల సామాను అమ్మువారు దీనిని ఆర్మ్‌రెస్టు అందురు. ఈ ప్రసంగమున నేను దానిని మోచేతిపీట యని పిలిచెదను. కారు కొన్ననాడు ఇది లేకపోయినను, తరువాత కొని తెచ్చి ఇంటియొద్దనే బిగించుకొనవచ్చును. మా నిడమనూరు నుండి మిర్యాలగూడకును, అచ్చటినుండి నల్లగొండకో కోదాడకో సూర్యాపేటకో పోవువారు కారులో చాలసేపు కూర్చుండవలసి వచ్చును. ఇంటిలోని చిన్నవాండ్రు "తాతా, పీట బిగించెదము, నీకును సుఖముగ నుండును" అని అడుగుదురు. ఇంటి పెద్ద తలయూపుటకు ముందు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు.

వానిని ఒక సూత్రముగ ముందే చెప్పెదను. మోచేతిపీట చేయి ఆనుటకే గాని బరువు మోపుటకు గాదు. అది చేతిబ్రేకునకును సీటుబెల్టునకును అడ్డము రారాదు. దాని క్రింద నేమున్నదో తెలియక అచ్చట రంధ్రము వేయరాదు. ఇకమీద చెప్పునదంతయు ఈ సూత్రమునకు వ్యాఖ్యానమే.

పూర్వము ఈ ప్రశ్నయే లేదు. అంబాసిడరు కారును మీలో పలువు రెఱుగుదురు. కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సువారు దానిని 2014 వరకు తయారుచేసిరి. పాత అంబాసిడర్లలో ముందరి సీటు బల్లవలె ఒక్కటియే. గేరుకఱ్ఱ స్టీరింగు క్రిందనే యుండెడిది. కాబట్టి నడుమ మూడవ మనిషి కూర్చుండెడివాడు. ఆయన భుజమే ప్రక్కవారికి ఆనిక. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినది. అందు ముందరి సీట్లు రెండును వేఱువేఱు. గేరుకఱ్ఱయు చేతిబ్రేకును సీట్ల నడుమ నేలమీద నిలిచినవి. తరువాతి చిన్న కార్లలో పెక్కింటికి ఇదియే పద్ధతి. ఆ నడిమి సందే ఇప్పుడు మన పీటకు చోటు.

కాని ఆ సందు వట్టిది కాదు. బావి త్రవ్వువాడు నేలను పరీక్షించి గాని గడ్డపాఱ వేయడు. అట్లే ఈ సందున నేమేమి యున్నవో మొదట విచారింపవలయును. పైకి కనబడునది ప్లాస్టికు తొడుగు. దానిలోపల చేతిబ్రేకు పిడియు, దానినుండి వెనుక చక్రములకు పోవు ఉక్కుతాడును ఉండును. దీపములకును, ఫోను చార్జి చేసికొను రంధ్రమునకును పోవు విద్యుత్తీగ లుండును. అన్నిటికంటె ముఖ్యమైనది ఎయిర్‌బ్యాగుల యంత్రము. కారు దేనినైన ఢీకొనగానే సెకనులో చిన్న భాగమున ఉబ్బి మన తలను ఱొమ్మును కాపాడు గాలిసంచియే ఎయిర్‌బ్యాగు. క్రొత్త కార్లలో నడపువానికి ఇది యుండి తీరవలెనని మన దేశమున 2019 జూలై 1 నుండి నిబంధన వచ్చినది. ప్రక్క సీటువారికిని 2021లో అట్టి నిబంధన ఏర్పడినది. ఆ సంచి ఎప్పుడు ఉబ్బవలెనో నిర్ణయించు చిన్న పెట్టె పెక్కు కార్లలో ఈ నడిమి తొడుగు క్రిందనే నేలకు బిగింపబడి యుండును. అచ్చట గ్రుడ్డిగా బరమా త్రిప్పువాడు తన ప్రాణరక్షకే చిల్లు పొడుచువాడు.

ఇక పీటల సంగతి. దుకాణములలో దొరకునవి మూడు తెఱగులు. మొదటిది ఇనుపపట్టీతో గూడి, నడిమి తొడుగునకు మరమేకులతో బిగియునది. రెండవది గ్లాసు నుంచుకొను గుంటలో దిగి, మర త్రిప్పగా వెడల్పై ఆ గుంట గోడలను పట్టుకొనునది. మూడవది ఏ పట్టును లేక సీట్ల నడుమ ఊరక కూర్చుండు పెట్టె. అన్ని కార్లకును సరిపోవునని చెప్పి అమ్మునవి కొన్ని కలవు. అందఱి పాదములకును సరిపోవు చెప్పు ఎట్టిదో అదియు నట్టిదే. మన కారు పేరును, అది తయారైన సంవత్సరమును చెప్పి, దానికై చేసిన పీటను అడిగి కొనుట మేలు.

మూడవ తెఱగు పెట్టెను నేను మెచ్చను. కారణము లెక్కతో చెప్పెదను. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు కారు దేనినో గుద్దుకొని 60 సెంటీమీటర్ల దూరములో నిలిచినదనుకొందము. అప్పుడు లోపలి వస్తువులు తమ బరువునకు సుమారు 16 రెట్ల బలముతో ముందునకు దూకజూచును. 3 కిలోల పెట్టె ఆ క్షణమున 48 కిలోల మూటతో సమానము. పట్టులేని ఆ మూట ఎవరి మోచేతికి తగులునో, ఎవరి తలకు తగులునో చెప్పలేము.

పీట కొనుటకు ముందే కొలతలు తీసికొనవలయును. దర్జీవాడు గుడ్డ కోయకముందు మనిషిని కొలుచును గదా. మీరు సీటులో మామూలుగా కూర్చుండి, భుజము ఎత్తక, దించక, మోచేయి వంచి చూడుడు. అప్పుడు మోచేయి ఎంత యెత్తున నుండునో అదియే పీట యెత్తు. అంతకంటె మిక్కిలియైనచో భుజము పైకి లేచి నొప్పి పుట్టును. తక్కువైనచో నడుము ప్రక్కకు ఒరగును. తరువాత రెండు సీట్ల నడిమి వెడల్పు కొలువవలెను. చేతిబ్రేకును పూర్తిగా పైకి లాగి, దాని కొన ఎచ్చటికి వచ్చునో గుర్తింపవలెను. సీటుబెల్టు నాలుక దిగు తాళము ఎచ్చట నున్నదో చూడవలెను. సీట్లను చివరివరకు ముందునకును వెనుకకును జరిపి, ఈ కొలతలన్నియు తిరిగి చూడవలెను.

మా మనుమడు తన కారునకు ఈ పని చేసినప్పుడు నేను ప్రక్కన నిలిచి కొలబద్ద పట్టితిని. అట్టముక్కతో పీట ఆకారము కత్తిరించి, సందున నిలిపి చూచితిమి. సీటు వెనుకకు జరిపినంతనే బెల్టు తాళము అట్టక్రింద దాగినది. రెండు వ్రేళ్ల మేర ముందునకు జరుపగా తాళము బయటపడినది; చేతిబ్రేకును తగులలేదు. ఒక్క అట్టముక్క ఖర్చుతో తేలిన విషయమది. రంధ్రము పడిన తరువాత ప్లాస్టికును పూడ్చుట ఎవరి తరమును కాదు.

పని ఆరంభించు విధము వినుడు. కారును సమమైన నేలపై నిలిపి, మొదటి గేరులో నుంచి, చక్రములకు ముందును వెనుకను ఱాళ్లు పెట్టవలెను. పని నడుమ చేతిబ్రేకును దింపవలసి వచ్చును గనుక ఈ జాగ్రత్త. తాళపుచెవి తీసివేయవలెను. పిమ్మట ముందరి మూత యెత్తి, బ్యాటరీ మైనస్ కొసను పానాతో వదులుచేసి, తీసి ప్రక్కనుంచవలెను. మైనస్ కొసనే మొదట ఏల తీయవలెను? కారు ఇనుప శరీరమంతయు ఆ కొసతోనే కలసియుండును. అది తగిలియుండగా ప్లస్ కొస విప్పబోయి పానా ఇనుమునకు తాకినచో నిప్పులు చెదరును. తిరిగి తగిలించునప్పుడు మైనస్ కొసను కడపట తగిలింపవలెను. కొస తీసిన వెంటనే పని మొదలుపెట్టరాదు. ఎయిర్‌బ్యాగు పెట్టెలో కొంచెము విద్యుచ్ఛక్తి నిలిచియుండును. అది తీఱుటకు పది నిమిషములు ఆగుట మంచిది. పసుపుపచ్చని తొడుగు గల తీగలు కనబడినచో అవి సాధారణముగ ఎయిర్‌బ్యాగువి, వానిని ముట్టరాదు.

పీటను అట్ట చూపిన చోట నిలిపి, రంధ్రముల గుర్తులు పెట్టవలెను. తొడుగు విప్పుట సాధ్యమైనచో విప్పి, గుర్తుల వెనుకవైపున తీగ గాని తాడు గాని లేదని కన్నులార చూడవలెను. విప్పుటకు వీలుగాక, వెనుక నేమున్నదో చూడలేనిచో, రంధ్రము వేయు తలంపు మాని రెండవ తెఱగు పీటను తెచ్చుకొనుడు. రంధ్రము వేయునప్పుడు సన్నని బరమాముల్లును వాడవలెను. ప్లాస్టికు మందము దాటి ముల్లు పోకుండుటకు, ఆ ముల్లునకు తగిన చోట అంటుపట్టీ చుట్టి హద్దు పెట్టవలెను. మన వడ్రంగులు ఈ ఉపాయము నెఱుగుదురు. మరమేకు పొడవు లోపల నున్న వస్తువులను తాకునంత యుండరాదు. వీలైనచోట లోపలి వైపున వెడల్పైన వాషరు వేసి నట్టు బిగించుట మరమేకుకంటె గట్టి. బిగింపు మితముగ నుండవలెను. బలమున్నదని త్రిప్పినచో ప్లాస్టికు పగులును.

బిగించిన పిదప పరీక్షలు నాలుగు. చేతిబ్రేకు పూర్తిగా పైకి వచ్చి, పూర్తిగా క్రిందికి పోవలెను. బెల్టు నాలుక ఒంటిచేత తాళములో దిగవలెను, ఒంటిచేత ఊడవలెను. గేరుకఱ్ఱ అన్ని గేర్లలోను, ముఖ్యముగ వెనుకకు వచ్చు రెండవ, నాలుగవ గేర్లలో, నడపువాని మోచేయి పీటను కొట్టుకొనకుండ తిరుగవలెను. బ్యాటరీ కొస తగిలించి తాళపుచెవి త్రిప్పగా, ఎయిర్‌బ్యాగు గుర్తుదీపము కొన్ని సెకనులు వెలిగి ఆఱవలెను. ఆఱక నిలిచినచో కారు నడుపక, తెలిసిన పనివానిని పిలిచి చూపవలెను. ఈ నాలుగింట ఏ యొక్కటి తప్పినను పీటను తీసివేయుటయే కర్తవ్యము. పది దినములు తిరిగిన పిదప బిగింపులను మఱియొకమాఱు చూడవలెను.

ఇక ముఖ్యమైన మాట, మన వయస్సువారికి చెందినది. సాగరు ఎడమకాలువ నీరు రాకముందు ఏతముతో నీరు తోడిన దినములు పెద్దలకు జ్ఞాపక ముండును. ఏతపుదూలము పొడవైన కొలది చిన్న బలము పెద్ద బరువు నెత్తును. మోచేతిపీటయు నొక ఏతమే. కాని ఇచ్చట ఆ బలము మనకు సహాయపడక బిగింపును పెఱుకును. పీట కొన ఇరుసునుండి 30 సెంటీమీటర్ల దూరమున నున్నదనియు, మరమేకుల నడిమి దూరము 5 సెంటీమీటర్లనియు అనుకొందము. కొనమీద 10 కిలోల బరువు పడినచో పైమరమేకును 60 కిలోల బలము లాగును. కారు దిగునప్పుడు మోకాళ్ల నొప్పి గల వృద్ధుడు దానిపై చేయి మోపి లేచినచో 20 కిలోలైన పడును. అప్పుడు మరమేకుపై లాగు 120 కిలోలు. ప్లాస్టికు దానిని ఓర్వజాలదు. పీట విఱుగుట స్వల్పనష్టము. దానిని నమ్మి లేచినవాడు పడుట గొప్పనష్టము. కాబట్టి దిగునప్పుడు తలుపు పైనున్న పిడిని గాని, సీటు అంచును గాని పట్టుకొని, రెండు పాదములు నేల నానించిన పిదప లేవుడు.

నడపువానికిని ఒక మాట. ఈ పీట తిన్నని పెద్దరోడ్డు మీద క్షణకాలపు విశ్రాంతికి. ఊరిలోను, మలుపులలోను, కాలువకట్టల మీదను దానిని వెనుకకు మడిచి, రెండు చేతులను స్టీరింగు మీద నుంచవలెను. కట్టవాలున నిలిపిన కారునకు చేతిబ్రేకే కాపు. పీట అడ్డమై బ్రేకు సగము లేచి ఆగినచో, కారు నీటివైపు జారుటకు ఎంతసేపు?

చట్టము మాటయు కొంచెము చెప్పవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమున నెక్కిన వివరములు మారునట్లు వాహనమును మార్చరాదు. మోచేతిపీటవలన ఆ వివరములు మారవు. అయితే 2019 సెప్టెంబరు 1 నుండి సీటుబెల్టు పెట్టుకొననివారికి 1000 రూపాయల జరిమానా కలదు. పీట అడ్డముగ నున్నదని బెల్టు మానినవానికి అది సమాధానము కాజాలదు. క్రొత్త కారు తీగలు కోసినచో తయారీదారుని హామీకిని భంగము రావచ్చును. కనుక దీపముగల పీటలకై తీగ కోయవలదు.

నూఱు పనులకు పనివానిమీద ఆధారపడు మనము ఒక్క పనిని మన చేతులతో చేసికొనుట సంతోషకరమే. ఆ సంతోషము కొలిచి, చూచి, పరీక్షించినవానికే దక్కును. మీ యింటి చిన్నవాడు పీట తెచ్చిననాడు వలదని కసరకుడు. కొలబద్దయు అట్టముక్కయు తెమ్మని చెప్పి, ప్రక్కన నిలువుడు.