ముళ్ళమొక్కకు శత్రువును తెస్తే...

పొద్దుతిరుగుడు పువ్వు మీరెరిగినదే. మస్క్ తిసిల్ అనే ముళ్ళమొక్క కూడా ఆ కుటుంబంలోనిదే. యూరప్, ఆసియా ఖండాల నుంచి ఉత్తర అమెరికా చేరి, అక్కడి పచ్చికబీళ్ళను ఆక్రమించింది. ముళ్ళకు జడిసి పశువులు దానిని ముట్టవు. చుట్టూ ఉన్న గడ్డిని మేసేస్తాయి. అంటే కలుపుకు చోటు చేసిపెట్టేవి పశువులేనన్నమాట!

ఈ మొక్క సాధారణంగా మొదటి ఏడు ఆకులను నేలమీద చక్రంలా పరుస్తుంది. రెండో ఏడు పూచి, వేలకొద్దీ విత్తనాలు రాల్చి చనిపోతుంది. విత్తనం ద్వారా తప్ప వ్యాపించదు. కనుక పూతకు ముందే తల్లివేరును నేలలోపలికి నరికితే దాని పని సరి. అయితే, రాలిన విత్తనాలు ఏళ్ళ తరబడి మొలుస్తూనే ఉంటాయి కాబట్టి ఏటేటా నరకాలి.

వేలాది ఎకరాల్లో ఇది సాధ్యమా? అందుకే శాస్త్రజ్ఞులు యూరప్ నుంచి ఒక ముక్కుపురుగును తెప్పించారు. 1968లో కెనడాలోను, 1969లో అమెరికాలోను వదిలారు. అది మొగ్గలపై గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు లోనికి తొలుచుకుపోయి లేతగింజలను తింటాయి. చాలాచోట్ల కలుపు తగ్గింది.

కాని, 1990 దశకంలో నెబ్రాస్కా రాష్ట్రంలో ఒక సంగతి బయటపడింది. అక్కడ సహజంగా పెరిగే, ఎవరికీ హాని చేయని తిసిల్ జాతుల గింజలనూ ఆ పురుగు తింటున్నది! తినగలదని ముందు జరిపిన పరీక్షల్లోనే తెలుసు. అవి పంటమొక్కలు కావు గదా అని అప్పుడు పట్టించుకోలేదు. వదిలిన పురుగును వెనక్కి పిలవలేము.

ఒక జీవిపైకి మరో జీవిని పంపే ముందు "కలుపును తింటుందా?" అని అడిగితే చాలదు. "ఇంకా వేటిని తింటుంది?" అనీ అడగాలి.