లంబసింగి కొండలు, గల్ఫ్ ఒప్పందం

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఊరు లంబసింగి. చలికాలంలో ఇక్కడి మంచు చూడటానికి నర్సీపట్నం ఘాట్ రోడ్డు మీదుగా వేలమంది వస్తారు. వాళ్లకు కనిపించే కొండల వరుసలోనే, చింతపల్లికి అవతల, జెర్రెల, గూడెం, సప్పర్ల ప్రాంతాల కొండల నెత్తిన బాక్సైట్ ఉంది. ఆ ఖనిజం కోసం రాష్ట్ర సచివాలయంలో ఒప్పందాలు జరిగాయి, ఢిల్లీలో అనుమతుల ఫైళ్లు కదిలాయి. చివరికి గల్ఫ్‌లోని ఒక ఎమిరేట్‌కూ భారత ప్రభుత్వానికీ మధ్య అంతర్జాతీయ వివాదమే తలెత్తింది.

తూర్పు కనుమల్లో బాక్సైట్ భూగర్భంలో ఎక్కడో లోతున ఉండదు. కొండ శిఖరాల మీద, బల్లపరుపు నేల కింద, కొన్ని మీటర్ల మందాన పరుచుకుని ఉంటుంది. సందులు సందులుగా ఉండే ఆ పొర వానాకాలంలో నీటిని పీల్చుకుని, ఏడాది పొడుగునా ఊటలుగా, గెడ్డలుగా కిందికి వదులుతుంది. కొండ వాలులో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల పాదులు, మెట్ట చెక్కల్లో రాజ్‌మా, పసుపు, రాగులు అన్నీ ఆ తడి మీదే ఆధారపడతాయి. మైదానంలో తాండవ, వరాహ, శారద నదుల కింద సాగయ్యే పొలాలకూ నీరు ఈ కొండల నుంచే అందుతుంది. ఒక టన్ను అల్యూమినియం తీయడానికి దాదాపు రెండు టన్నుల అల్యూమినా, దానికోసం నాలుగైదు టన్నుల బాక్సైట్ కావాలి. అందుకే శుద్ధి కర్మాగారం పెట్టేవాళ్లు ముందు గని చేతికొస్తుందో లేదో చూసుకుంటారు.

ఏజెన్సీలో గని చేతికి రావడం అంత తేలిక కాదు. ఈ ప్రాంతాన్ని మైదాన చట్టాలతో పాలించలేమని బ్రిటిష్ వాళ్లు 1839 లోనే గుర్తించి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలకు వేరే చట్టం చేశారు. ఆ ప్రత్యేక పాలన గిరిజనులకు మేలు చేసిందనుకోవడానికి లేదు. లంబసింగి మీదుగా చింతపల్లికి వేసిన ఘాట్ రోడ్డు పనిలో కూలి సరిగా ఇవ్వకుండా జనాన్ని పీడించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు మన్యం తిరుగుబాటు చరిత్రలో నిలిచిపోయింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేయడం వెనక ఆ కడుపుమంట ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం ఇదే ప్రాంతాన్ని ఐదో షెడ్యూలులో చేర్చి, పాలకుల అధికారానికి బదులు గిరిజనుల రక్షణను ముందు పెట్టింది.

ఆ షెడ్యూలు ప్రకారం పార్లమెంటు గానీ శాసనసభ గానీ చేసిన చట్టం షెడ్యూల్డు ప్రాంతానికి వర్తించదనో, మార్పులతో వర్తిస్తుందనో గవర్నర్ ప్రకటించవచ్చు. రాష్ట్రపతి ఆమోదంతో నేరుగా రెగ్యులేషన్లు తేవచ్చు. అంతకుముందు గిరిజన సలహా మండలిని సంప్రదించాలి. ఇరవై మందికి మించని ఆ మండలిలో దాదాపు నాలుగింట మూడు వంతులు గిరిజన శాసనసభ్యులే ఉండాలి. జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా స్థిరపడిన భూబదలాయింపు నిషేధం ఈ దారిలో వచ్చినదే. 1959 నాటి రెగ్యులేషన్‌ను 1970లో సవరించి, ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి ఏ రూపంలోనూ వెళ్లకుండా కట్టడి చేశారు.

ప్రభుత్వమే తన భూమిని కంపెనీకి లీజుకిస్తే? అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు సంస్థల గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997 జులై 11న జవాబిచ్చింది. చట్టం దృష్టిలో ప్రభుత్వం కూడా ఒక ‘వ్యక్తే’ కాబట్టి షెడ్యూల్డు ప్రాంతంలోని సర్కారు భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీ తీర్పు చెప్పింది. గనులను ప్రభుత్వ సంస్థ గానీ గిరిజనుల సహకార సంఘం గానీ తవ్వుకోవచ్చు. నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధికి పెట్టాలి. దేశంలోని గిరిజనులందరికీ పనికొచ్చే తీర్పు విశాఖ మన్యం నుంచి రావడం చిన్న విషయం కాదు.

తీర్పు ప్రభుత్వ సంస్థకు మిగిల్చిన దారి నుంచే బాక్సైట్ ఒప్పందాలు నడిచాయి. తవ్వేది రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ, శుద్ధి చేసుకునేది మైదానంలోని ప్రైవేటు కర్మాగారం. ఈ పద్ధతిలో 2005లో జిందాల్ సంస్థతో, 2007లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని ఏడు ఎమిరేట్లలో ఒకటైన రస్ అల్ ఖైమాతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అవగాహనకు వచ్చింది. రెండో ఒప్పందం ఫలితంగా నర్సీపట్నం దగ్గర మాకవరపాలెంలో అన్‌రాక్ కర్మాగారం లేచింది. అక్షరాలా చూస్తే ఇది సమత తీర్పును దాటినట్టు కనిపించదు. కానీ ఖనిజం అంతిమంగా ఎవరికి చేరుతుందో ముందే రాసేసుకున్నాక గని ప్రభుత్వానిదే అనడం ఆ తీర్పు స్ఫూర్తికి విరుద్ధం. కొండ మీద ఊళ్ల జనం మొదటి నుంచీ అన్నదీ ఇదే.

ఢిల్లీలో కూడా ఒకే మాట లేదు. అటవీ, పర్యావరణ అనుమతులు ఇచ్చేది కేంద్రం. అదే కేంద్రంలో గిరిజన వ్యవహారాల మంత్రిగా ఉన్న అరకు ఎంపీ కిశోర్ చంద్రదేవ్, ఐదో షెడ్యూలు అధికారాన్ని వాడి ఈ ఒప్పందాలను రద్దు చేయాలని 2012లో గవర్నర్ నరసింహన్‌కు లేఖ రాశారు. మంత్రిమండలి సలహా లేకుండా గవర్నర్ అలా చేయగలరా అన్న చర్చ నడిచింది తప్ప రద్దు జరగలేదు.

2015 నవంబరు 5న రాష్ట్ర ప్రభుత్వం జీవో 97 ఇచ్చింది. చింతపల్లి, జెర్రెల రిజర్వు అడవుల్లో 1,212 హెక్టార్లను గనుల కోసం ఖనిజాభివృద్ధి సంస్థకు అప్పగించడం దాని సారాంశం. ప్రతిపక్షంలో ఉండగా ఇదే తవ్వకాలను వ్యతిరేకించిన చంద్రబాబు నాయుడు అప్పుడు ముఖ్యమంత్రి. ఏజెన్సీ భగ్గుమంది. బంద్‌లు, ర్యాలీలు జరిగాయి. అధికార పక్షంలోని గిరిజన నాయకులు సొంత ఊళ్లలో జనానికి ముఖం చూపించలేని స్థితి వచ్చింది. కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం ఉత్తర్వును పక్కన పెట్టి, శ్వేతపత్రం ఇస్తామని ప్రకటించింది. జీవో వచ్చిన ఆ నవంబరులో చింతపల్లి వైపు కాఫీ పళ్లు కోతకొచ్చి ఉన్నాయి. ఊళ్లలో జనం ఏడాది ఆదాయం చేతికొచ్చే పనిని వదిలి రోడ్డెక్కారు.

అన్‌రాక్ కర్మాగారానికి ఖనిజం రాకపోవడంతో వ్యవహారం దేశం దాటింది. 2013 డిసెంబరులో భారత్, యూఏఈ పెట్టుబడుల రక్షణ ఒప్పందం చేసుకున్నాయి. ఒక దేశం పెట్టుబడికి రెండో దేశంలో అన్యాయం జరిగితే పెట్టుబడిదారు నేరుగా ఆ దేశ ప్రభుత్వం మీదే అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లే వీలు అందులో ఉండేది. దాని ఆధారంగా రస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థ 2016లో భారత్‌కు నోటీసు ఇచ్చింది. బాక్సైట్ ఇస్తామన్నది రాష్ట్రం. అయినా విదేశాంగం, ఒప్పందాలు కేంద్ర జాబితాలోని అంశాలు కాబట్టి బోనులో నిలబడాల్సింది భారత ప్రభుత్వం. రాష్ట్రాలు విదేశీ సంస్థలకు ఇచ్చే హామీల భారం ఎవరి మీద పడుతుందో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ తెలుగు నేల మీద దొరకదు.

ఇదే కొండల వరుసలో, ఒడిశాలోని నియమగిరిలో కథ వేరుగా నడిచింది. లండన్‌లో నమోదైన వేదాంత కోసం తలపెట్టిన బాక్సైట్ గని మీద, గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న ఆదేశించింది. ఆ ఏడాది జరిగిన పన్నెండు సభలూ గనిని తిరస్కరించాయి. అక్కడ జిల్లా జడ్జి సమక్షంలో డోంగ్రియా కోంధు గిరిజనులు చెప్పిన మాటే రికార్డుకెక్కింది. చింతపల్లి వైపు జనం ‘వద్దు’ అన్న మాట మాత్రం బంద్‌లలోనే మారుమోగింది.

2019లో వైఎస్ జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వం జీవో 97ను రద్దు చేసింది. 2024 ఫిబ్రవరి 13న భారత్, యూఏఈ కొత్త పెట్టుబడుల ఒప్పందం మీద సంతకాలు చేశాయి, అది ఆగస్టు 31న అమల్లోకి వచ్చింది. ఇప్పుడు పెట్టుబడిదారు మధ్యవర్తిత్వానికి పోయే ముందు మూడేళ్లు మన న్యాయస్థానాల్లో ప్రయత్నించాలి. ఢిల్లీ తన రక్షణకు ఒక మెట్టు కట్టుకుంది, మంచిదే. కొండకు మాత్రం ఒక ఉత్తర్వు రద్దు తప్ప గట్టి రక్షణ లేదు. ఒక ప్రభుత్వం రద్దు చేసిన ఉత్తర్వును మరో ప్రభుత్వం తిరిగి తేవచ్చు. 1996 నాటి పీసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారం కాగితం మీద ఉంది. గ్రామసభ సమ్మతిని అవగాహన ఒప్పందానికి ముందే, కంపెనీ పునాది తవ్వక ముందే అడగాలి. గిరిజన సలహా మండలి తీర్మానాలనూ, షెడ్యూల్డు ప్రాంతాల మీద గవర్నర్ రాష్ట్రపతికి పంపే నివేదికలనూ తెలుగులో జనం ముందు పెట్టాలి. ఈ రెండూ చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు.