అమ్మ చేతిలో కరెంటు

మొన్న దసరా సెలవులకి ఇంటికెళ్తే, అర్ధరాత్రి అమ్మ లేచి కూర్చుని కుడిచెయ్యి విదిలించుకుంటోంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి నిద్ర పట్టనివ్వడం లేదట. జాకెట్లు కుట్టే మనిషి, సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. పక్కింటి పిన్ని "నరాల బలహీనత" అని తేల్చేసి బలం మాత్రలు చెప్పింది. డాక్టరు గారు మాత్రం తిమ్మిరి మెడ దగ్గర మొదలవుతోందా, మణికట్టు దగ్గరా అన్నది తేలాలని నరాల పరీక్ష రాశారు.

"కరెంటు పెడతారంట, నేను రాన్రా" అంది అమ్మ. ఈసీఈ చదువుతున్నందుకు ఒప్పించే పని నా మీద పడింది.

నిజానికి ఇందులో ఉన్నది మనకి తెలిసిన లెక్కే. మణికట్టు దగ్గర ఒకసారి, మోచేతి దగ్గర ఒకసారి నరానికి చిన్న షాక్ ఇస్తారు. బొటనవేలి మొదట్లో ఉన్న కండ ఎంతసేపటికి స్పందించిందో చూస్తారు. రెండు చోట్లకీ మధ్య దూరం 22 సెంటీమీటర్లు, కాలంలో తేడా 4 మిల్లీసెకన్లు అనుకోండి. వేగం సెకనుకి 55 మీటర్లు. ఒక్కచోటే ఇస్తే సరిపోదా అంటే, నరం నుంచి కండకి సంకేతం దాటడానికి కొంత ఆలస్యం ఉంటుంది. రెండింటినీ తీసివేస్తే అది కొట్టుకుపోతుంది. రాగితీగతో పోలిస్తే ఈ వేగం నత్తనడకే. నరంలో పరిగెత్తేది ఎలక్ట్రాన్లు కావు మరి, పొర లోపలికీ బయటికీ దాటే సోడియం, పొటాషియం అయాన్లు.

ఏసీ గదిలో అమ్మ చెయ్యి చల్లబడితే టెక్నీషియన్ ముందు దాన్ని వెచ్చబరిచారు. చల్లటి నరం నెమ్మదిగా పనిచేస్తుంది, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. మన ల్యాబ్‌లో ఎవరం ఇంత శ్రద్ధగా రీడింగ్ తీశాం చెప్పండి!

తర్వాత ఈఎంజీ. కండలోకి సన్నటి సూది గుచ్చుతారు. ఇందులో కరెంటు పెట్టరు, వింటారంతే. కదలకుండా ఉన్న కండ నిశ్శబ్దంగా ఉండాలి. నరం తెగిన కండైతే, ఊరికే ఉన్నప్పుడు కూడా స్పీకర్లో రేకుల కప్పు మీద చినుకులు పడ్డట్టు టపటపమంటుంది. అమ్మ కండ మాట్లాడలేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

బయట బెంచీ మీద ఈఈజీ కోసం తలంటుకుని వచ్చిన పిల్లాడున్నాడు. మూర్ఛ వస్తోందట. "వాడి తలకీ షాకేనా?" అని అమ్మ కంగారు. కాదు, అదీ వినడమే. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి మెదడు తరంగాలు నమోదు చేశాడు. ప్రకటించింది 1929లో. తల మీద దొరికేది పదుల మైక్రోవోల్టులే. జుట్టుకి నూనె ఉంటే అదీ సరిగ్గా అందదు. రిపోర్టు నార్మల్ వచ్చినా మూర్ఛ లేదని కాదు. ఆ అరగంటలో మెదడు మామూలుగా ఉందనే అర్థం.

అమ్మకి మెడ బాగానే ఉంది. మణికట్టు దగ్గరే నరం నొక్కుకుపోతోంది. రాత్రిళ్ళు పట్టీ కట్టుకోమన్నారు, తగ్గకపోతే చిన్న ఆపరేషన్. పట్టీ కట్టుకునే పడుకుంటోంది. మిషన్ దగ్గర మాత్రం తీసి పక్కన పెడుతోంది, కుట్టు వంకరపోతుందట.