జామ మిఠాయి: జీర్ణానికి మేలెంత?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. రైల్వే ఉద్యోగాలతో వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు జామపండు రెండు పేర్లతో పరిచయం. ఇంట్లో జామ, బజారులో 'బిహీ'. చలికాలంలో బుధవారీ బజారు నుంచి తెచ్చిన పండ్లతో పిల్లలకు జెల్లీ మిఠాయి చేయడం కష్టమేమీ కాదు. జామ తింటే విరేచనం సాఫీగా అవుతుందని పెద్దలు చెబుతారు. మరి ఆ మేలు మిఠాయిలోకి ఎంత వస్తుంది?

జెల్లీ ఎలా గడ్డకడుతుంది?

పండ్ల కణాల గోడలను పట్టి ఉంచే పదార్థాల్లో పెక్టిన్ ఒకటి. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త హెన్రీ బ్రాకొనో 1825లో దీన్ని గుర్తించి, గడ్డకట్టడం అనే అర్థం ఉన్న గ్రీకు మాట నుంచి ఆ పేరు పెట్టారు. నీటిలో పెక్టిన్ గొలుసులు రుణావేశం వల్ల ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. పులుపు ఆ ఆవేశాన్ని తగ్గిస్తుంది. చక్కెర నీటిని తనవైపు లాక్కుంటుంది. అప్పుడు గొలుసులు దగ్గరై వలలా అల్లుకుని, మిగిలిన నీటిని పట్టి ఉంచుతాయి. ఇందుకు మిశ్రమంలో చక్కెర వంటి కరిగిన పదార్థాలు 65 శాతం దాకా, పీహెచ్ 3కి కాస్త అటూఇటూగా ఉండాలి. బాగా మగ్గిన పండులో ఎంజైములు పెక్టిన్‌ను ముక్కలు చేస్తాయి. అందుకే దోరపండ్లు వాడాలి.

తయారీ

ఒక కిలో దోరజామ ముక్కలను అర లీటరు నీటిలో మెత్తబడేదాకా ఉడికించి, జల్లెడలో రుద్ది గింజలు తీసేయాలి. గుడ్డలో వడకట్టి రసం మాత్రమే తీసుకుంటే పీచులో చాలా భాగం గుడ్డలోనే ఉండిపోతుంది. కాబట్టి గుజ్జునే వాడాలి. 500 గ్రాముల గుజ్జుకు 350 గ్రాముల చక్కెర కలిపి, మందపాటి గిన్నెలో అడుగంటకుండా కలుపుతూ ఉడికించాలి. చివర్లో రెండు టేబుల్‌స్పూన్ల నిమ్మరసం వేయాలి. ముందే వేసి ఎక్కువసేపు మరిగిస్తే పెక్టిన్ దెబ్బతింటుంది.

థర్మామీటరు ఉంటే ముందుగా మంచినీరు ఎక్కడ మరుగుతుందో చూసుకోండి. బిలాస్‌పూర్ సముద్రమట్టానికి 250 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కనుక ఇక్కడ నీరు 100 కంటే దాదాపు ఒక డిగ్రీ తక్కువలోనే మరుగుతుంది. దానికి 5–6 డిగ్రీలు పైకి వచ్చాక, గుజ్జు గిన్నె అంచులు వదులుతుంటే దించేయాలి. నెయ్యి రాసిన పళ్లెంలో పోసి, ఆరాక 10 గ్రాముల ముక్కలుగా కోయాలి. తేమ తగిలితే బూజు పడుతుంది కాబట్టి మూత బిగువైన డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచాలి.

బజారు జెల్లీల్లో కొన్ని జెలటిన్‌తో చేస్తారు. అది జంతువుల నుంచి తీసే ప్రొటీన్, పీచు కాదు. పచ్చి అనాస, బొప్పాయిల్లోని ఎంజైములు ప్రొటీన్‌ను కరిగిస్తాయి కనుక వాటితో జెలటిన్ గడ్డకట్టదు. పెక్టిన్‌కు, చైనాగ్రాస్‌కు ఆ ఇబ్బంది లేదు.

పొట్టలో ఏం జరుగుతుంది?

పెక్టిన్ నీటిలో కరిగే పీచు. మన జీర్ణరసాలు దాన్ని అరిగించలేవు. పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తుంది. పేగు లోపలి పొరలోని కణాలకు బ్యూటిరేట్ ముఖ్యమైన ఇంధనం. కరగని పీచు మలానికి పరిమాణాన్నిచ్చి, అది ముందుకు కదలడానికి తోడ్పడుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. పైన చెప్పిన కొలతలతో సుమారు 570 గ్రాముల మిఠాయి, అంటే 57 ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్కలో కలిపిన చక్కెరే 6 గ్రాములు. పీచు దాదాపు అర గ్రాము. అదే 100 గ్రాముల జామపండులో 5 గ్రాములకు పైగా పీచు ఉంటుంది. అంత పీచు మిఠాయి నుంచి పొందాలంటే పది ముక్కలు తినాలి. దాంతోపాటు 60 గ్రాముల చక్కెర లోపలికి పోతుంది. రోజుకు 2000 కిలోకేలరీలు తీసుకునేవారు కలిపిన చక్కెరను 50 గ్రాముల లోపు, వీలైతే 25 గ్రాముల లోపు ఉంచుకోవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన. నాలుగు ముక్కలకే ఆ 25 దాదాపు పూర్తవుతుంది.

కాబట్టి ఈ మిఠాయిని మలబద్ధకానికి మందుగా భావించకూడదు. మధుమేహం ఉన్నవారు ముక్కలు లెక్కపెట్టుకుని, వైద్యుల సలహాతోనే తినాలి. నాలుగేళ్లలోపు పిల్లల గొంతులో జిగురు ముక్క అడ్డుపడే ప్రమాదం ఉంది కనుక వారికి ఇవ్వకపోవడమే మంచిది. పెద్ద పిల్లలకు ఒకటి రెండు ముక్కలు చాలు. వాటితోపాటు ఒక జామపండు కోసి, తాగడానికి నీళ్లు కూడా ఇస్తే నాలుకకు తీపి, పేగుకు పీచు రెండూ అందుతాయి.