రాక్ నుండి యాంబియెంట్ సంగీతానికి: బ్రయాన్ ఈనో 'అనదర్ గ్రీన్ వరల్డ్' – పరిశీలన

1. ఉపోద్ఘాతం

రాక్ సంగీతంలో శ్రోత దృష్టి ప్రధానంగా గాయకుడిపై నిలుస్తుంది. గళం ముందుంటే, వాద్యాలు దానిని అనుసరిస్తాయి. శ్రోత చుట్టూ ఒక వాతావరణాన్ని కల్పించడమే లక్ష్యంగా గల సంగీతం యాంబియెంట్ సంగీతం. ఆంగ్ల సంగీతకారుడు బ్రయాన్ ఈనో 1975లో వెలువరించిన 'అనదర్ గ్రీన్ వరల్డ్' ఈ రెండింటి నడుమ నిలిచిన ఆల్బమ్. ఇందులో శ్రోత స్థానం ఎలా మారిందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. నేపథ్యం

ఈనో 1973లో రాక్సీ మ్యూజిక్ బృందాన్ని వీడారు. 1974లో వెలువడిన ఆయన తొలి రెండు సొంత ఆల్బమ్‌లు ప్రధానంగా పాటల సంపుటాలే. 1975 ఆరంభంలో ప్రమాదానికి గురై విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు, హార్ప్ సంగీతం రికార్డు ఒకటి అతి తక్కువ ధ్వనితో మోగిందని, లేచి సరిచేసే శక్తి లేక అలాగే విన్నానని ఆయన తరువాత చెప్పారు. సంగీతం వాన చప్పుడులా పరిసరాలలో భాగం కాగలదన్న ఆలోచనకు ఆ అనుభవం దోహదపడింది.

3. ఆల్బమ్ నిర్మాణం

ఆల్బమ్‌లోని 14 అంశాలలో 5 మాత్రమే గాత్రంతో కూడినవి. తక్కిన 9 వాద్య రచనలు. చాలావరకు ముందుగా రచన సిద్ధం చేసుకోకుండానే ఈనో లండన్‌లోని స్టూడియోలో అడుగుపెట్టారు. చిత్రకారుడు పీటర్ ష్మిట్‌తో కలిసి రూపొందించిన 'ఆబ్లిక్ స్ట్రాటజీస్' సూచనల కార్డులను పని ముందుకు సాగనప్పుడు ఆశ్రయించారు. ఫిల్ కాలిన్స్ డ్రమ్స్, పెర్సీ జోన్స్ బేస్ గిటార్, జాన్ కేల్ వయోలా వాయించారు. 'సెయింట్ ఎల్మోస్ ఫైర్' పాటకు, విద్యుత్ యంత్రం ధ్రువాల మధ్య ఎగసే మెరుపులను తలపించేలా గిటార్ వాయించమని రాబర్ట్ ఫ్రిప్‌ను కోరారు. వాద్యకారుడి నైపుణ్యం ఇక్కడ ఒక దృశ్యాన్ని నిర్మించడానికి వినియోగపడింది.

4. శ్రోత స్థానం

పల్లవి, చరణాలు గల పాటలో శ్రోత తరువాతి మలుపు కోసం ఎదురుచూస్తాడు. 'ది బిగ్ షిప్'లో అటువంటి మలుపులు లేవు. ఒకే స్వరసముదాయ క్రమం పునరావృతమవుతుండగా సింథసైజర్ పొరలు క్రమంగా చిక్కబడతాయి. ఏది ముఖ్యమో చెప్పే గళం లేనందున, దేనిని వినాలో శ్రోతే ఎంచుకుంటాడు. గాత్రమున్న పాటలు సైతం ఈ వాద్య రచనల నడుమ ఒక ప్రదేశంలో తారసపడే మనుషుల్లా వినిపిస్తాయి.

అయినా ఇది సంపూర్ణ యాంబియెంట్ ఆల్బమ్ కాదు. రచనలు చిన్నవి, ఒక్కొక్కటీ శ్రోత శ్రద్ధను కోరుతుంది. అదే ఏడాది వెలువడిన 'డిస్క్రీట్ మ్యూజిక్'లోని 30 నిమిషాలకు మించిన ప్రధాన రచన ఆ హద్దును దాటింది. 1978 నాటి 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' ఆ మార్గానికి యాంబియెంట్ అన్న పేరును స్థిరపరిచింది.

5. ముగింపు

శ్రద్ధగా వినమని పట్టుబట్టని సంగీతం తక్కువ స్థాయి కళ అవుతుందా అన్నది యాంబియెంట్ సంగీతం ఎదుర్కొనే ప్రధాన ప్రశ్న. 'అనదర్ గ్రీన్ వరల్డ్' ఆ ప్రశ్నకు ఒక సమాధానం సూచిస్తుంది. ఇందులో గళం వెనుకకు తగ్గినా సంగీతకారుడి బాధ్యత తగ్గలేదు. ప్రతి ధ్వని రంగూ, సాంద్రతా, నిడివీ మరింత జాగ్రత్తగా నిర్ణయించవలసి వచ్చింది. శ్రోతకు లభించిన స్వేచ్ఛ వెనుక ఆ శ్రమ ఉంది. ఈ ఆల్బమ్ ప్రాముఖ్యం అందులోనే ఉంది.