నీళ్ళకని తవ్వితే గడ్డకట్టిన నేల

మన చింతామణి, బాగేపల్లి పక్క వెయ్యి అడుగులు దాటినా బోర్లో తెల్ల దుమ్మే లేచే సంగతి నీకు తెలుసు గదా నాయనా. రష్యాలో యాకుత్స్క్ అని ఒక ఊరుంది. అక్కడ షెర్గిన్ అనే ఆయన 1828లో నీళ్ళకని బావి మొదలుపెట్టి తొమ్మిదేండ్లు తవ్వించినాడు. 116 మీటర్లు, అంటే 380 అడుగులు. చుక్క పడలేదు. అట్లని నీళ్ళు లేక కాదు, మట్టిలోనే గడ్డకట్టి కూర్చున్నాయి. తర్వాత 1840లలో మిడ్డెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త ఆ బావి గోడల్లో థర్మామీటర్లు పెట్టి చూసినాడు. దిగేకొద్దీ చలి తగ్గుతా వచ్చింది గానీ అడుగున ఇంకా సున్నాకు 3 డిగ్రీలు కిందే. ఆ తగ్గే తీరును బట్టి గడ్డ ఇంకెంత లోతుందో లెక్కగట్టినాడు. నీళ్ళియ్యని బావి అంత పని చేసింది చూడు!

వరసగా రెండేండ్లు సున్నా డిగ్రీలు దాటని నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. అది ఎక్కడుందో పటం గీయడమే కష్టం. వేసవిలో పైపొర కరిగి గడ్డి మొలుస్తుంది. ఉపగ్రహానికి కనపడేది ఆ గడ్డి మాత్రమే. ఊరి చలిని బట్టి గీద్దామా అంటే, ఒకే కొండకు ఎండ తగలని వైపు గడ్డ ఉంటుంది, ఎండ వాలులో ఉండదు. పెద్ద చెరువు కింద కరిగి ఉంటుంది. మంచు మందంగా పడితే కంబళి కప్పినట్టు నేల వేడిని బయటికి పోనీయదు.

ఆ మంచునే వాడుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆల్ప్స్ కొండల్లో చలికాలం చివర మంచులోకి పొడుగు కడ్డీ గుచ్చి, అడుగున నేల వేడి ఎంతుందో చూస్తారు. సున్నాకు 3 డిగ్రీల కంటే కిందికి పోతే పర్మాఫ్రాస్ట్ ఉండొచ్చు. 2 డిగ్రీల లోపలే ఆగిపోతే బహుశా లేదు.

మన పొలాల్లో బోరు పాయింటుకు కడ్డీలు పాతి కరెంటు పంపుతారే, ఆ పని అక్కడా చేస్తారు. నీళ్ళున్న పగులు కరెంటును పోనిస్తుంది, ఎండు గ్రానైట్ అడ్డుకుంటుంది. గడ్డకట్టిన నేలా అడ్డుకుంటుంది. అందుకని మీటరు ఒకటే చూసి కింద మంచో రాయో తేల్చలేరు. కొబ్బరికాయ లేచింది, ఇక్కడే వేయించు అనేవాళ్ళకున్నంత ధీమా ఈ శాస్త్రవేత్తలకు లేదు, అదే నాకు నచ్చింది.

1997లో వచ్చిన ఉత్తరధ్రువ ప్రాంతాల పటం చూడు. ఇక్కడుంది, ఇక్కడ లేదు అని గీత గీయలేదు. నేలలో 90 శాతం పైన గడ్డ ఉండే చోటు ఒకటి, 50 నుంచి 90 ఒకటి, 10 నుంచి 50 ఒకటి, పదిలోపు ఇంకొకటి, అట్లా విడగొట్టినారు. యాకుత్స్క్ మొదటి రకంలోదే. అయినా అక్కడ పెద్ద ఇల్లు కట్టాలంటే పటం చూసి ఊరుకోరు. ఆ స్థలంలోనే బోరు దింపి, థర్మామీటర్లు వేలాడదీసి చూసినాకే కాంక్రీటు స్తంభాలు నాటుతారు. ఇంటి వెచ్చదనం నేలకు తగిలి గడ్డ కరగకుండా, కింద గాలి ఆడేటట్టు ఖాళీ వదిలిపెడతారు.